పట్టికలో అంకెలు వరుస తప్పకుండా ఉండాలంటే

— ఒక సహకార ఇన్‌స్పెక్టరు, చిల్లకూరు



పాలు పోసేటప్పుడు కొలత సరిగా ఉండాలని, వెన్న శాతం సరిగా తీయాలని, లెక్క సరిగా కట్టాలని మనమందరం పట్టుబడుతాము. ఇది న్యాయమే. అయితే కొలత, పరీక్ష, లెక్క మూడూ సరిగా ఉండి కూడా, చివరకు సభ్యుని కంటికి కనబడే కాగితం తప్పు చెప్పవచ్చును. కంప్యూటరు మీద పట్టిక టైపు చేసేటప్పుడు అంకెలను ఒకదాని కింద ఒకటి నిలబెట్టే పద్ధతి తెలియకపోతే ఇలా జరుగుతుంది. ఆ పద్ధతి కష్టమైనది కాదు. అరగంట కూర్చుంటే వస్తుంది. దానిని గురించి ఈ వ్యాసంలో వివరిస్తాను. కంప్యూటరు ముట్టని సభ్యులు కూడా దీనిని చదవవలెనని నా మనవి. ఎందుకంటే ఆ పట్టికలో ఉండేది వారి డబ్బే.

జరిగిన సంగతి

కొన్నేళ్ళ క్రితం మా ప్రాంతంలోని ఒక సంఘంలో మహాజన సభ జరిగింది. ఆ ఏటి బోనస్ లీటరుకు రూ. 1.50 చొప్పున పంచడానికి తీర్మానమైంది. సభ్యుల పట్టికను కార్యదర్శి ఇంట్లోనే కంప్యూటరు మీద టైపు చేయించారు. అందులో ఆరు నిలువు వరుసలు: సభ్య సంఖ్య, పేరు, పోసిన లీటర్లు, బోనస్, దాణా బాకీ మినహాయింపు, చెల్లించవలసిన నికరం. టైపు చేసిన అబ్బాయి స్పేస్ బార్ నొక్కుకుంటూ పోయి, అంకెలు ఒకదాని కింద ఒకటి వచ్చేదాకా ఖాళీలు పెట్టాడు. తెర మీద చూస్తే ముచ్చటగానే ఉంది. బాకీ లేని సభ్యుల దగ్గర ఆ గడిని ఖాళీగా వదిలి, ఇంకా కొన్ని ఖాళీలు కొట్టి, నికరం టైపు చేశాడు.

ఆ ఫైలును పెన్ డ్రైవులో పెట్టుకొని పోయి వేరొక కంప్యూటరు మీద అచ్చు తీయించారు. ఆ కంప్యూటరులో అదే ఫాంటు లేదు. అది తన దగ్గరున్న మరొక ఫాంటు వేసుకుంది. ఖాళీల వెడల్పు తగ్గింది. బాకీ లేని వారి వరుసల్లో చివరి అంకె ఎడమకు జరిగి, దాణా బాకీ శీర్షిక కిందకు వచ్చి నిలిచింది. అచ్చయిన కాగితాన్ని ఎవరూ మళ్ళీ చూడలేదు.

సభలో ఆ కాగితం చూసి పేర్లు చదివారు. రెండు గేదెలున్న ఒక పెద్దమ్మ వంతు వచ్చింది. ఆమె ఏడాదిలో పోసిన పాలు 318.5 లీటర్లు. బోనస్ రూ. 477.75. దాణా బాకీ రూ. 477.75. చెల్లించవలసినది ఏమీ లేదు. అలాగని అందరి ముందర చదివారు.

ఇందులో ఒక విశేషం గమనించండి. లెక్క సరిపోయింది. 477.75 లోంచి 477.75 పోతే మిగిలేది సున్నా. వరుస తప్పిన అంకె తనకు తానే ఒక అబద్ధపు లెక్కను తయారుచేసి, దానిని సరిచేసి కూడా చూపించింది. అందువల్ల చదివేవారికి గాని, వినేవారికి గాని అనుమానం రాలేదు.

ఆమె మాత్రం లేచి నిలబడింది. “దాణా బస్తా ఒక్కటి గూడా నేను తెచ్చుకోలేదే సారూ, నా పేరు మీద బాకీ ఎట్టా వచ్చింది?” అని అడిగింది. రిజిస్టరు తెప్పించి చూసేసరికి సభ సగం లేచిపోయింది. డబ్బు మర్నాడే పూర్తిగా ఇచ్చారు. కాని బాకీ ఉన్న మనిషి అన్న మాట ఊళ్ళో పోయింది. ఆమె పక్షం రోజులు సంఘానికి పాలు పోయలేదు.

రిజిస్టరులోని లెక్కలను తనిఖీ చేసి సంతకం పెట్టినవాడిని నేనే. రిజిస్టరులో తప్పు లేదు. బోర్డు మీద పెట్టే కాగితాన్ని కూడా చూడాలని నాకప్పుడు తోచలేదు. ఈ వ్యాసం రాయడానికి అదే కారణం.

గీతల పుస్తకం చేసిన పని

1981లో మన రాష్ట్రంలో పాడి పరిశ్రమాభివృద్ధి సహకార సమాఖ్య ఏర్పడిన నాటికి సంఘాల్లో లెక్క అంటే గీతల పుస్తకమే. పాల సేకరణ రిజిస్టరుకు నిలువు గీతలు ముందే అచ్చై వచ్చేవి. రాసేవారి దస్తూరి ఎలా ఉన్నా, లీటర్లు లీటర్ల గడిలో, వెన్న శాతం దాని గడిలో పడేవి. ఒక గడిలో రాయవలసింది లేకపోతే అక్కడ అడ్డగీత పెట్టేవారు. అంకెను దాని చోట నిలిపే బాధ్యత గీతది. రాసేవాడిది కాదు.

టైపు మిషను వచ్చాక గీతలు లేవు. కాని మరొక సదుపాయం ఉండేది. ఇంగ్లీషు టైపు మిషను మీద ప్రతి అక్షరానికీ ఒకటే చోటు. సన్నగా ఉండే ‘ఐ’ అక్షరమైనా, వెడల్పుగా ఉండే ‘ఎం’ అక్షరమైనా, అంకె అయినా, ఖాళీ అయినా బండి జరిగేది ఒకే దూరం. పైకా అనే సైజులో అంగుళానికి సరిగ్గా 10 అక్షరాలు. అందువల్ల ఆ మిషను మీద ఖాళీలు లెక్కపెట్టి కొట్టినా వరుస తప్పేది కాదు. అయినప్పటికీ టైపు నేర్పే మాస్టర్లు పట్టికలకు ఖాళీలు కొట్టనిచ్చేవారు కారు. టాబ్యులేటరు వాడమనేవారు. ఏ చోట బండి ఆగాలో ముందుగా అక్కడ ఒక అడ్డు పెట్టుకోవాలి. తర్వాత మీట నొక్కితే బండి పరుగెత్తుకుంటూ పోయి ఆ అడ్డు దగ్గర ఆగుతుంది. కంప్యూటరు కీబోర్డు మీద ఎడమవైపున ఉండే టాబ్ మీట ఆ టాబ్యులేటరు వారసురాలే. పేరు కూడా దాని నుంచి వచ్చినదే.

కంప్యూటరు వచ్చాక మనం టాబ్యులేటరు అలవాటు మరచిపోయి, ఖాళీలు కొట్టే అలవాటు మాత్రం తెచ్చుకున్నాము. చిక్కంతా ఇక్కడే ఉంది.

ఖాళీ వెడల్పు నిలకడగా ఉండదు

కంప్యూటరులో ఎక్కువగా వాడే ఫాంట్లలో ప్రతి అక్షరానికీ దాని ఆకారాన్ని బట్టి చోటు ఉంటుంది. సన్న అక్షరానికి తక్కువ, వెడల్పు అక్షరానికి ఎక్కువ. చదవడానికి ఇది హాయిగా ఉంటుంది. పట్టికకు మాత్రం పనికిరాదు.

అంకెలు సాధారణంగా అన్నీ ఒకే వెడల్పులో ఉంటాయి. ఖాళీ మాత్రం అంత వెడల్పు ఉండదు. టైమ్స్ న్యూ రోమన్, ఏరియల్ అనే ఫాంట్లలో ఒక ఖాళీ వెడల్పు ఒక అంకె వెడల్పులో సరిగ్గా సగం. 1260.0 కింద 318.5 రాయాలనుకోండి. ఒక అంకె తక్కువ గనుక ముందు ఒక ఖాళీ పెడితే సరిపోతుందని తోస్తుంది. సరిపోదు. అర అంకె చోటు తక్కువ పడుతుంది. వేరొక ఫాంటులో ఈ నిష్పత్తి వేరుగా ఉంటుంది. ఒక చోట అర అంకె తేడా పెద్దదిగా కనిపించదు. ఇరవై ఖాళీలు వరుసగా కొట్టిన చోట ఫాంటు మారితే మాత్రం ఒక గడి అంకె పక్క గడిలోకి పోతుంది. పై సంఘంలో జరిగింది ఇదే.

గూడూరు చుట్టుపట్ల నిమ్మతోటలు పెట్టే రైతులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. వారు గుంటలు తీయడానికి ముందు తాడు పట్టి కొలిచి మేకులు పాతుతారు. అడుగులు లెక్కపెట్టుకుంటూ గుంటలు తీస్తే, పొడుగాటి మనిషి వేసిన సాలు ఒక చోటికి, పొట్టి మనిషి వేసిన సాలు మరొక చోటికి వస్తుంది. స్పేస్ బార్ కొట్టడం అడుగులు లెక్కపెట్టడం వంటిది. ఫాంటు మారడమంటే నడిచే మనిషి మారడం. మేకు ఉంటే ఎవరు నడిచినా చెట్టు ఆ మేకు దగ్గరే పడుతుంది.

తెలుగుకు ఉన్న అదనపు ఇబ్బంది

ఇంగ్లీషులో పని చేసేవారికి ఒక దొడ్డిదారి ఉంది. కొరియర్ న్యూ వంటి ఫాంట్లలో టైపు మిషను మాదిరిగానే అన్ని అక్షరాలకూ ఒకటే చోటు. ఆ ఫాంటు పెట్టుకుని ఖాళీలు కొట్టినా వరుస నిలుస్తుంది. మనకు ఆ దారి లేదు. కొరియర్ న్యూలో తెలుగు అక్షరాలు లేవు. తెలుగు మాట రాగానే కంప్యూటరు వేరే ఫాంటు నుంచి అక్షరాలు తెచ్చి వేస్తుంది.

పైగా తెలుగులో ఎన్ని సంకేతాలు టైపు చేశామో, అంత వెడల్పు రాదు. ‘స్త్రీ’ అన్న మాట కంప్యూటరులో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. తెర మీద కనిపించేది మాత్రం ఒక్క అక్షరం చోటు. ‘రమణ’ అనే పేరు మూడే సంకేతాలు, కాని దానికంటే వెడల్పు. వత్తులు కిందికి పోతాయి, గుణింతాలు పైకి పోతాయి. కావున సభ్యుల పేర్లు తెలుగులో ఉన్న పట్టికలో, పేరు తర్వాత ఎన్ని ఖాళీలు పెట్టాలో లెక్కగట్టే ఉపాయం ఏదీ లేదు.

ఫాంట్ల సంగతి కూడా కొంచెం తెలుసుకోవాలి. తెలుగు అక్షరాలకు యూనికోడ్ సంకేతాలు 1991 నాటి మొదటి కూర్పులోనే ఇచ్చారు. విండోస్ ఎక్స్‌పీ 2001లో వచ్చినప్పుడు గౌతమి అనే తెలుగు ఫాంటు దానితో వచ్చింది. విండోస్ 8తో 2012లో నిర్మలా యూఐ వచ్చింది. అచ్చు పనిచేసే చోట్ల అను ఫాంట్లు కూడా వాడుకలో ఉన్నాయి. ఒక్కొక్కదానిలో అక్షరాల వెడల్పు ఒక్కొక్క రకం. ఇంట్లో ఒక ఫాంటులో టైపు చేసి, అది లేని కంప్యూటరు మీద తెరిస్తే అక్షరాలూ మారుతాయి, వాటి మధ్య దూరాలూ మారుతాయి. అను వంటి పాత పద్ధతి ఫాంట్లయితే మాటలే చదవడానికి రావు. అది వెంటనే తెలుస్తుంది గనుక అచ్చు ఆపుతాము. అంకెలు చదవడానికి బాగానే వచ్చి పక్క గడిలో నిలిస్తే ఎవరికీ తెలియదు. ప్రమాదం దానితోనే.

మేకు పాతే విధానం

వర్డ్ అనే ప్రోగ్రాములో పైన వ్యూ అన్న చోట రూలర్ అనే గుర్తు ఉంటుంది. దానిని ఎంచుకుంటే కాగితం పైన కొలబద్ద కనిపిస్తుంది. ఆ కొలబద్ద కింది అంచు మీద మౌసుతో నొక్కితే అక్కడ ఒక చిన్న గుర్తు పడుతుంది. అదే మేకు. ఇక ఆ వరుసలో టాబ్ మీట ఒకసారి నొక్కితే టైపు చేసే చోటు ఆ మేకు దగ్గరకు పోయి ఆగుతుంది. మనం మేకులు పాతకపోతే వర్డ్ తనంతట తాను ప్రతి అరంగుళానికీ ఒకచోట ఆగుతుంది. వాటి మీద ఆధారపడి మూడుసార్లు, నాలుగుసార్లు టాబ్ కొట్టడం కూడా తప్పు అలవాటే. ఒక నిలువు వరుసకు ఒక మేకు, ఒకే ఒక్క నొక్కు. ఇది గుర్తుంచుకోవాలి.

మేకుల్లో రకాలున్నాయి. కొలబద్దకు ఎడమ చివర ఉన్న చిన్న పెట్టెను నొక్కుతూ పోతే రకం మారుతుంది. మనకు కావలసినవి నాలుగు.

1. ఎడమ మేకు: మాట అక్కడ మొదలై కుడివైపుకు పోతుంది. పేర్లకు ఇది వాడాలి.

2. నడిమి మేకు: మాట ఆ చోటుకు రెండు పక్కలా సమానంగా నిలుస్తుంది. శీర్షికలకు బాగుంటుంది.

3. కుడి మేకు: మాట లేదా అంకె అక్కడ ముగుస్తుంది. పూర్ణాంకాలకు, అంటే గేదెల సంఖ్య, బస్తాల సంఖ్య వంటి వాటికి పనికివస్తుంది.

4. దశాంశ మేకు: అంకెలోని చుక్క సరిగ్గా ఆ మేకు మీద నిలుస్తుంది. లీటర్లకు, వెన్న శాతానికి, రూపాయలు పైసలకు ఇదే సరైనది.

నాలుగవ దానిని పాల సంఘాల వారు ప్రత్యేకంగా నేర్చుకోవాలి. ఒకరు 4.5 లీటర్లు, మరొకరు 12, ఇంకొకరు 10.75 పోశారనుకోండి. ఎడమ మేకుతో రాస్తే 4 కింద 1 వస్తుంది. ఒకట్ల స్థానం కింద పదుల స్థానం పడుతుంది. కుడి మేకుతో రాస్తే 4.5 లోని 5 కింద 12 లోని 2 వస్తుంది. దశాంశ మేకుతో రాస్తే చుక్క కింద చుక్క వస్తుంది. చుక్క లేని 12 కూడా దాని స్థానంలోనే, చుక్కకు ఎడమపక్కన నిలుస్తుంది. కళ్ళజోడు లేని సభ్యుడు కూడా ఏది పెద్ద అంకో, ఏది చిన్న అంకో ఒక్క చూపులో పోల్చుకోగలడు.

ఆరు వరుసల బోనస్ పట్టికకు నేను వాడే కొలతలు ఇవి. ఏ4 కాగితం, నాలుగు పక్కలా అంగుళం మార్జిను. సభ్య సంఖ్య అంచు నుంచే మొదలు. పేరుకు 0.6 అంగుళం దగ్గర ఎడమ మేకు. లీటర్లకు 3, బోనస్‌కు 4, మినహాయింపుకు 5, నికరానికి 6 అంగుళాల దగ్గర దశాంశ మేకులు. రూ. అన్న మాట శీర్షికలో ఒకసారి రాస్తే చాలు. ప్రతి అంకె ముందూ రాస్తే చుక్కల మీద చుక్కలు పేరుకుని చదివేవారికి చికాకు కలుగుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. మేకులు ఏ వరుసలో పాతితే ఆ వరుసకే చెందుతాయి. మొదటి వరుసలోనే పాతుకుని ఎంటర్ నొక్కుతూ పోతే కింది వరుసలకు కూడా అవే సంక్రమిస్తాయి. అంతా టైపు చేశాక ఒక మేకును జరపాలనుకుంటే, ముందు వరుసలన్నిటినీ ఎంపిక చేసి అప్పుడు జరపాలి. లేకపోతే కర్సరు ఉన్న ఒక్క వరుసే జరిగి, తక్కినవి ఉన్నచోటనే ఉంటాయి.

పెద్ద పట్టికకు గడులే మేలు

నోటీసులో నాలుగైదు వరుసలుంటే టాబ్ చాలు. సభ్యులు వందమంది, నిలువు వరుసలు ఆరు అయితే ఇన్సర్ట్ కింద ఉండే టేబుల్ వాడడం మేలు. ఇది గీతల పుస్తకమే అనుకోండి. పొడుగు పేరున్న సభ్యుని పేరు ఒక వరుసలో పట్టకపోతే, టాబ్ పద్ధతిలో అది మేకును దాటిపోయి అంకెలన్నిటినీ ముందుకు నెడుతుంది. టేబుల్‌లో అయితే పేరు తన గడిలోనే రెండో వరుసకు దిగుతుంది. పక్క గడిలోని అంకె కదలదు.

టేబుల్ వేసేటప్పుడు పాటించవలసినవి ఇవి.

గడుల వెడల్పును స్థిరంగా ఉంచండి. లోపలి మాటను బట్టి గడి తనంతట తాను పెరిగే ఏర్పాటును తీసివేయండి.

అంకెల గడులన్నిటినీ కుడి అంచుకు సర్దండి. లీటర్లయినా, రూపాయలయినా చుక్క తర్వాత అన్ని వరుసల్లో రెండేసి అంకెలు రాయండి. 12 అని కాక 12.00 అని, 318.5 అని కాక 318.50 అని రాస్తే కుడి అంచుకు సర్దడంతోనే చుక్కలు కూడా వరుసలోకి వస్తాయి. వేరే ఉపాయం అక్కరలేదు.

టేబుల్ లోపల టాబ్ మీట నొక్కితే పక్క గడిలోకి పోతుంది. గడి లోపలే టాబ్ కావాలంటే కంట్రోల్ మీటతో కలిపి నొక్కాలి.

శీర్షిక వరుసను ఎంపిక చేసి, లేఅవుట్ కింద ఉన్న రిపీట్ హెడర్ రోస్ నొక్కండి. పట్టిక రెండో పేజీకి పోయినా శీర్షికలు మళ్ళీ వస్తాయి. శీర్షికలు లేని రెండో పేజీలో ఏది బోనసో, ఏది బాకీయో సభ్యుడు ఎలా తెలుసుకుంటాడు?

ఒక సభ్యుని వరుస సగం ఈ పేజీలో, సగం ఆ పేజీలో పడకుండా, వరుస విరగడానికి అనుమతించే గుర్తును తీసివేయండి.

చివరిది, అన్నిటికంటె ముఖ్యమైనది: ఏ గడినీ ఖాళీగా వదలవద్దు. బాకీ లేకపోతే 0.00 అని గాని, అడ్డగీత గాని పెట్టండి. ఖాళీ గడికి రెండర్థాలున్నాయి. బాకీ లేదని ఒకటి, రాయడం మరచిపోయారని ఇంకొకటి. సున్నాకు ఒకటే అర్థం. ఆ పెద్దమ్మ వరుసలో ఆ ఒక్క సున్నా ఉండి ఉంటే, ఖాళీలు ఎంత జరిగినా బాకీ సున్నా అనే చదివేవారు.

మొత్తాలు కట్టడానికి ఎక్సెల్ వంటి లెక్కల ప్రోగ్రాము మంచిది. అక్కడ గడులు ముందే ఉంటాయి. అక్కడ కట్టిన లెక్కను నోటీసులోకి తెచ్చేటప్పుడు మళ్ళీ చేతితో టైపు చేయకుండా, ఎంపిక చేసి కాపీ చేసుకుంటే టేబుల్‌గానే వస్తుంది.

పాత పట్టికలను బాగుచేయడం

ఇప్పటికే ఖాళీలతో టైపు చేసిన పట్టికలు మన సంఘాల్లో చాలా ఉన్నాయి. ముందు వాటి లోగుట్టు చూడండి. వర్డ్‌లో హోమ్ కింద పేరాగ్రాఫ్ గుర్తు ఒకటి ఉంటుంది. దానిని నొక్కితే ఖాళీ ఉన్న చోటల్లా ఒక చుక్క, టాబ్ ఉన్న చోట ఒక బాణం కనిపిస్తాయి. డబ్బు తీయకుండా లిబ్రెఆఫీస్ వాడే సంఘాల్లో కంట్రోల్, ఎఫ్10 కలిపి నొక్కితే ఇదే కనిపిస్తుంది. అంకెల మధ్య చుక్కల బారులు కనిపిస్తే ఆ పట్టిక ఇసుక మీద నిలబడినట్లే లెక్క.

బాగుచేసే క్రమం ఇది. మొదట ఫైలుకు ఒక నకలు తీసి పక్కన పెట్టండి. రెండవది, రిజిస్టరు దగ్గర పెట్టుకుని ఖాళీ గడులన్నిటిలో 0.00 టైపు చేయండి. ఈ మెట్టు దాటవేస్తే తక్కిన పని అంతా చెడుతుంది. ఎందుకో కింద తెలుస్తుంది. మూడవది, రిప్లేస్ పెట్టెను తెరిచి, వెదకవలసిన చోట రెండు ఖాళీలు, మార్చవలసిన చోట స్పెషల్ జాబితా నుంచి టాబ్ గుర్తు పెట్టి, అన్నిటినీ మార్చండి. పేరుకూ ఇంటిపేరుకూ మధ్య ఉన్న ఒక్క ఖాళీ చెక్కుచెదరదు. నాలుగవది, ఇప్పుడు పక్కపక్కన అనేక టాబ్‌లు ఉంటాయి. రెండు టాబ్‌లను వెదికి ఒక టాబ్‌గా మార్చండి. మార్చినవి సున్నా అని వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ చేయండి. టాబ్ పక్కన ఒంటరి ఖాళీ మిగిలితే దానిని కూడా తీసివేయండి. అయిదవది, పట్టిక మొత్తం ఎంపిక చేసి ఇన్సర్ట్, టేబుల్, కన్వర్ట్ టెక్స్ట్ టు టేబుల్ నొక్కి, టాబ్‌ల దగ్గర విడదీయమని చెప్పండి. నిలువు వరుసలు ఆరు అని రావాలి. ఏడు అని వస్తే ఏదో ఒక వరుసలో అదనపు టాబ్ ఉన్నదన్నమాట.

ఖాళీ గడిని నింపకుండా నాలుగవ మెట్టుకు వస్తే ఏమవుతుంది? ఖాళీ గడికి రెండు పక్కలా ఉన్న టాబ్‌లు కలిసిపోయి ఒకటవుతాయి. నికరం పోయి మినహాయింపు గడిలో కూర్చుంటుంది. అంటే పాత తప్పునే ఈసారి గీతలు గీసి మరీ చేసినట్లవుతుంది.

అచ్చుకు, ఫోనుకు పంపేటప్పుడు

టేబుల్ వేసిన ఫైలును కూడా వేరే కంప్యూటరుకు అలాగే పంపవద్దు. పీడీఎఫ్‌గా మార్చి పంపండి. అప్పుడు ఫాంట్లు కూడా దానితో పాటే పోతాయి. మన తెర మీద కనిపించినదే అక్కడ అచ్చవుతుంది.

వాట్సాప్ గ్రూపుల్లో పాల బిల్లులు, బోనస్ జాబితాలు పంపడం ఇప్పుడు అన్ని ఊళ్ళలోనూ ఉంది. పట్టికను కాపీ చేసి సందేశంగా అంటించవద్దు. ఫోను తెర సన్నం. ఒక వరుస రెండుగా, మూడుగా విరిగి, ఒకరి అంకె మరొకరి పేరు పక్కన నిలుస్తుంది. పీడీఎఫ్ పంపండి. లేదా బోర్డు మీది కాగితానికి ఫోటో తీసి పంపండి.

అచ్చయ్యాక మరొక పని ఉంది. రిజిస్టరులోని మొత్తాన్ని తెచ్చి కాగితం కింద రాయడం కాదు. కాగితం మీద కనిపించే అంకెలనే, ప్రతి నిలువు వరుసనూ పైనుంచి కిందికి కూడాలి. పైన చెప్పిన సంఘంలో అడ్డంగా లెక్క సరిపోయిందని చూశాము. నిలువుగా కూడి ఉంటే దాణా బాకీల మొత్తం రిజిస్టరుతో సరిపోయేది కాదు. తప్పు ఆ క్షణమే బయటపడేది. అడ్డంగా సరిపోవడం ఒక సాక్ష్యం, నిలువుగా సరిపోవడం రెండో సాక్ష్యం. రెండూ చెబితేనే నమ్మాలి.

సభ్యులు చూడవలసినవి

సంఘం 1964 సహకార సంఘాల చట్టం కింద నమోదైనదైనా, 1995 పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నమోదైనదైనా, లెక్క సభ్యునికి అర్థమయ్యేలా చూపడం పాలకవర్గం పని. అడగడం సభ్యుని హక్కు. బోర్డు మీద పట్టిక పెట్టినప్పుడు ఈ నాలుగూ చూడండి.

నా వరుసలో ఎన్ని గడులున్నాయో అన్ని గడుల్లోనూ ఏదో ఒకటి రాసి ఉన్నదా?

చుక్క కింద చుక్క ఉన్నదా, లేక అంకెలు వంకరగా పోతున్నాయా?

రెండో పేజీ మీద కూడా శీర్షికలు ఉన్నాయా?

నా పాసు పుస్తకంలోని లీటర్లు, ఇక్కడి లీటర్లు ఒకటేనా?

వీటిలో ఏది తేడాగా ఉన్నా కార్యదర్శిని అడగండి. అడిగినంత మాత్రాన తగాదా పెట్టినట్లు కాదు. కార్యదర్శులు కూడా దీనిని తప్పుగా తీసుకోవద్దు. ఎక్కువ సందర్భాల్లో తప్పు మనిషి బుద్ధిలో ఉండదు, స్పేస్ బార్ మీద ఉంటుంది. చదువు రాని సభ్యులుంటే పక్కనున్నవారు చదివి చెప్పాలి. ముఖ్యంగా పాలు పోసే ఆడవారు సభలో లేచి అడగడానికి సందేహిస్తారు. పైన చెప్పిన పెద్దమ్మ అడిగింది గనుక తెలిసింది. అదే కాగితంలో బాకీ లేకపోయినా బాకీ ఉన్నట్లు పడ్డవారు ఇంకా కొందరున్నారు. వారు విని ఊరుకున్నారు. రిజిస్టరు తీశాక గాని వారి సంగతి బయటపడలేదు.

ఆ తరువాత ఏమైందో చెప్పి ముగిస్తాను. డబ్బు ఇచ్చేశాము గదా అని పాలకవర్గం వారు ఆమె ఇంటికి పోయి నచ్చచెప్పారు. నేను కూడా పోయాను. ఆమె మా మాట అంతా విని, “అందరి ముందర చదివినారు గదా సారూ, అందరి ముందరే దిద్దండి” అన్నది. అది న్యాయమైన మాట. తరువాతి సభలో మొదటి అంశంగా ఆ పట్టికను సరిచేసి మళ్ళీ చదివారు. ఆమె పేరు దగ్గర దాణా బాకీ సున్నా అని స్పష్టంగా చదివారు. తక్కిన వారి పేర్ల దగ్గర కూడా అలాగే చదివారు. మర్నాడు పొద్దున ఆమె క్యాను సంఘం వరుసలో కనిపించింది.

ఆ సంఘంలో ఇప్పుడు పట్టికలు టేబుల్ పద్ధతిలోనే వేస్తున్నారు. నేను తనిఖీకి పోయినప్పుడు రిజిస్టరుతో పాటు బోర్డు మీది కాగితాన్ని కూడా అడిగి చూస్తున్నాను. ఇతర సంఘాల వారు కూడా వచ్చే బోనస్ పట్టిక వేయడానికి ముందే ఒక పూట కూర్చుని ఈ పద్ధతి నేర్చుకోవలసిందిగా కోరుతున్నాను.